ఎనిమిది రోజులు తక్కువ

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఫ్రిజ్జక్క బ్లడ్‌బ్యాంకు తాళం తీసేసరికి, గుమ్మం దగ్గర మొదలైన వరుస ఆసుపత్రి గేటు దాటి రోడ్డు మలుపు దాకా పోయింది. సరిహద్దు చౌకీ మీద దాడి జరిగింది ఆదివారం తెల్లవారుజామున. మధ్యాహ్నానికి టీవీలో చనిపోయినవాళ్ళ ఫొటోలు వచ్చాయి. సాయంత్రానికి ఊళ్ళో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి చేయాలనిపించింది. తుపాకి పట్టుకునే వీలు లేనివాళ్ళంతా తెల్లారేసరికి చొక్కా చేతులు మడుచుకుని ఇక్కడికి వచ్చేశారు.

ఆమెకు కళ్ళు చెమర్చాయి. మామూలు రోజుల్లో నలుగురిని రప్పించాలంటే నలభై ఫోన్లు చేయాలి. ఒకడికి జలుబు, ఒకడికి పెళ్ళిచూపులు, ఒకణ్ణి వాళ్ళమ్మ వద్దంటుంది. అలాంటి ఊరు ఇవాళ పిలవకుండా వచ్చి నిలబడింది. అయితే ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. తలలో లెక్క మొదలైంది.

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో రెండు పెద్ద ఫ్రిజ్‌ల పక్కన పనిచేస్తోంది. కరెంటు పోతే ముందు ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తి, తర్వాత ఇంటికి ఫోన్ చేస్తుంది. స్వీపర్ల నుంచి సర్జన్ల దాకా అందరికీ ఆమె ఫ్రిజ్జక్కే.

లెక్క ఏమిటంటే, రెండు ఫ్రిజ్‌లూ కలిపి రెండు వందల సంచులు పడతాయి. సంచిలో రక్తం ముప్పై అయిదు రోజులే బతుకుతుంది. ఇవాళ ఇచ్చిన మనిషి మళ్ళీ తొంభై రోజుల దాకా ఇవ్వకూడదు. ఈ నాలుగు వందల మంది దగ్గరా ఇవాళే తీసుకుంటే సగం సంచులు పెట్టడానికి చోటుండదు, మిగతా సగం ముప్పై ఆరో రోజున పారబోయాలి, ఆ రోజున ఇవ్వడానికి ఊళ్ళో మనిషీ ఉండడు. ఆరేళ్ళ క్రితం వరదలప్పుడు ఇదే జరిగింది. నూట అరవై సంచులను ఆమె తన చేతులతో లెక్కపెట్టి కాల్చడానికి పంపింది. ఆ మర్నాడే కాన్పు వార్డులో ఒకామెకు రక్తం దొరకలేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ మాట్లాడదు.

నలభై మంది దాకా మామూలుగానే పిలిచింది. బరువు చూసి, బీపీ చూసి, వేలి మీద చిన్న గాటుపెట్టి రక్తపు బొట్టును నీలం నీళ్ళ గ్లాసులో వదలడం ఆమె పని. బొట్టు మునిగితే రక్తం చిక్కగా ఉన్నట్టు, తేలితే ఇంటికి పోయి తిని రమ్మన్నట్టు. నలభై ఒకటో మనిషి లోపలికి అడుగుపెట్టబోతుంటే ఆమె గుమ్మానికి అడ్డంగా బల్ల లాగి, దాని మీద పొడుగాటి రిజిస్టరు తెరిచింది.

"ఇవాళ్టికి చాలు. ఇక్కణ్ణుంచి పేర్లు రాసుకుంటా. రోజుకు ముప్పై మంది. ఎవరికి ఏ తేదీ ఇస్తే ఆ తేదీకి రండి."

వరుసలో గుసగుసలు లేచాయి. గుసగుసలను చీల్చుకుంటూ ఒక గొంతు వచ్చింది. దాని సొంతదారుడికి షామియానాలు, సౌండుసెట్లు అద్దెకిచ్చే షాపుంది. యువజన సంఘానికి అధ్యక్షుడు కూడా. పెళ్ళయినా చావయినా మైకు పట్టుకునేది అతనే కాబట్టి ఊరు అతన్ని మైకు అనే పిలుస్తుంది. మైకు లేకపోయినా ఆ గొంతు అలాగే ఉంటుంది.

"ఏంటక్కా ఇది! సైనికులకు రక్తమిస్తామంటే వద్దంటావా?"

"వద్దనట్లేదు తమ్ముడూ. ఇవాళ వద్దంటున్నా."

"యుద్ధం తేదీలు చూసుకుని వస్తుందా?"

"రాదు. అందుకే అన్ని తేదీలకూ మనుషులు కావాలి. కాలు తెగినవాడికి ఒక్కసారి ఎక్కిస్తే సరిపోతుందా? ఇవాళొక ఆపరేషను, పదిరోజులకొకటి, నెలకొకటి. అప్పుడు నీ జనం ఏరి?"

"మా జనం ఎప్పుడూ ఉంటారు!"

"ఆరంభశూరత్వం అనే మాట మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు. ఉంటారంటున్నావుగా, ముందు నీ పేరే చెప్పు, రాసుకుంటా."

జనం నవ్వారు. మైకుకు చురుక్కుమంది. "రాస్కో! అందరూ వదిలేసిన రోజు ఏదుంటే అదే నాకు రాయి," అని ఛాతీ ముందుకు పెట్టి చెప్పి, తిన్నగా సూపరింటెండెంటు గదికి నడిచాడు.

మధ్యాహ్నం ఆమెకు పిలుపొచ్చింది. సూపరింటెండెంటు మంచి సర్జనే. ఆ పదవిలోకి వచ్చినప్పటి నుంచే చేతులు కట్టేసినట్టయిపోయాడు. పక్క ఊరి ఆసుపత్రి ఒక్కరోజులో మూడు వందల సంచులు తీసిందని పైనుంచి ఫోనొచ్చిందట. మనమేం చేస్తున్నామని అడిగారట.

"వాళ్ళ దగ్గర ఎన్ని ఫ్రిజ్‌లున్నాయి సార్?"

"ఫ్రిజ్‌ల గురించి ఎవరడుగుతారమ్మా? బుధవారం క్యాంపు పెడుతున్నాం. కెమెరాలొస్తాయి."

"పెట్టండి. రక్తం నలభై మందే ఇస్తారు. మిగిలినవాళ్ళకు తేదీలిస్తాం. ఆ పేర్లూ తేదీలూ మైకులో చదివిద్దాం. వెయ్యి పేర్లు చదివితే టీవీవాళ్ళకు మూడు వందల సంచుల కంటే అదే పెద్దగా కనిపిస్తుంది."

ఆయన పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి నవ్వాడు. "చదివేది మైకా?"

"వెయ్యి పేర్లు చదవడానికి ఇస్తామంటే వద్దనే మనిషా సార్ అతను?"

వద్దనలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె భర్త పేపరు మడిచి పళ్ళెం పక్కన కొట్టాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. కోపమొస్తే చేతిలో ఏది ఉంటే దాన్ని స్పానర్‌లా తిప్పుతాడు. "చూశావా మీ లెక్కల మాస్టారు ఏం రాశాడో!"

లెక్కల మాస్టారు హైస్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆమెకూ, ఇప్పుడు సరిహద్దులో ఉన్న ఆమె తమ్ముడికీ ఆయనే గురువు. పేపర్లో పడిన ఉత్తరం పొట్టిగానే ఉంది. ఆ చౌకీలో కాపలాను నెల క్రితం సగానికి ఎందుకు తగ్గించారో ముందు చెప్పండి, తగ్గించినవాళ్ళెవరో చెప్పండి, ఆ తర్వాత ఎవరి పిల్లల్ని యుద్ధానికి పంపాలో మాట్లాడదాం, అని రాశాడు. కింద పూర్తి పేరు, చిరునామాతో సహా ఉంది.

ఆమెకు ఒళ్ళు మండింది. ఆదివారం నుంచి తమ్ముడి ఫోన్ మోగడం లేదు. వాణ్ణి పెంచింది తనే. దెబ్బకు దెబ్బ తీయాల్సిందేనని ఆమె మనసులో ఎలాంటి సందేహమూ లేదు. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది," అంది. "అడగాల్సిందే కావచ్చు. అడిగే సమయమా ఇది?"

"సమయం కాదు, ద్రోహం," అన్నాడు భర్త. ఆమె లేచింది. పళ్ళాలు తీసింది.

బుధవారం ఆసుపత్రి ఆవరణలో మైకు సొంత ఖర్చుతో షామియానా వేశాడు. స్తంభానికి రెండు చొప్పున లౌడుస్పీకర్లు కట్టించాడు. లోపల ఆరు మంచాల మీద నలభై మందీ వంతులవారీగా పడుకుని ఇచ్చి పోతున్నారు. బయట ఫ్రిజ్జక్క బల్ల ముందు తేదీల వరుస. తను పేరు, గ్రూపు, తేదీ రాయడం, పక్కనున్న నర్సు ఆ తేదీని చిన్న చీటీ మీద వేసి చేతికివ్వడం, మైకు ఆ పేరును గాలిలోకి ఎగరేయడం. "కూరగాయల మార్కెట్టు పెద్దమ్మ, వచ్చే నెల రెండో తేదీ! చప్పట్లు!" పెద్దమ్మ చీటీని కొంగున ముడేసుకుని అయిదుసార్లు వెనక్కి తిరిగి నవ్వింది. లారీ డ్రైవర్లు, కాలేజీ పిల్లలు, ఒక కొత్తజంట, తేదీలు నిండిపోతున్నాయి. సోమవారం అడ్డం తిరిగిన మనిషే ఇవాళ ఆ లిస్టును పెళ్ళిపిలుపులా చదువుతుంటే ఆమెకు లోపల ఎక్కడో నమ్మకం కుదిరింది. ఇది జరుగుతుంది.

పదకొండింటికి చప్పట్లు ఉన్నట్టుండి ఆగాయి. ఆమె తలెత్తింది. లెక్కల మాస్టారు వరుస చివర నిలబడి ఉన్నాడు. ముందున్నవాళ్ళు జరిగి ఆయనకు దారి ఇచ్చారు. అది మర్యాదతో ఇచ్చిన దారి కాదు. ఎవరూ ఆయనకు తగలదలచుకోలేదు. స్కూటరు సీటు ఎవరో కోసేశారని ఆమె పొద్దున్నే విన్నది. ఆయన నడిచే వచ్చినట్టున్నాడు, చెప్పుల నిండా దుమ్ము.

"ఇవ్వడానికొచ్చానమ్మా," అన్నాడు. జేబులోంచి అంచులు నలిగిన దాతల కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆమెకు ఆయన మీద కోపం తగ్గలేదు. గొంతు తగ్గించి అంది: "ఇప్పుడా మాస్టారూ అడిగేది? నా తమ్ముడు అక్కడున్నాడు."

"వాడు అక్కడున్నాడనేనమ్మా అడిగింది."

 కార్డు తెరిచింది. చివరిసారి ఇచ్చిన తేదీ మీద వేలు పెట్టి, గోడ మీది క్యాలెండరు చూసి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఎనభై రెండు రోజులే అయింది. ఎనిమిది రోజులు తక్కువ."

"ఎనిమిదే కదమ్మా."

"లెక్కల మాస్టారు మీరు. తొంభై రావాల్సిన చోట ఎనభై రెండు రాస్తే ఒక్క మార్కయినా వేశారా ఎవరికన్నా?"

ఆయన ముఖంలో చిన్న నవ్వు వచ్చి పోయింది. ఇన్ని కళ్ళ ముందు నడిచి రావడానికి ఎంత ధైర్యం కూడగట్టుకున్నాడో, తిరిగి వెళ్ళడానికి అంతకు రెట్టింపు కావాలి. కార్డు జేబులో పెట్టుకుని, తల వంచుకోకుండానే గేటు వైపు నడిచాడు. ఆమె రిజిస్టరు తిప్పి, వచ్చే గురువారం పేజీలో ఆయన పేరు రాసింది. చీటీ ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అప్పుడే లౌడుస్పీకర్లన్నీ ఒక్కసారిగా గర్జించాయి.

"చూశారా సోదరులారా! ద్రోహుల రక్తం మన సైనికులకు అక్కర్లేదని మన ఫ్రిజ్జక్క మొహం మీదే చెప్పి పంపించేసింది! అదీ దేశభక్తి అంటే! ఫ్రిజ్జక్కకు..."

జనం జై కొట్టారు. ఎవరో ఈల వేశారు. కెమెరా పట్టుకున్నవాడు పరుగెత్తుకొచ్చి బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గేటు దగ్గర మాస్టారి నడక ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగింది.

ఫ్రిజ్జక్క చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. నోరు తెరవకపోతే చాలు. తను అబద్ధమాడినట్టు కూడా కాదు. లిస్టు నడుస్తుంది, మైకు తనవాడవుతాడు, సూపరింటెండెంటు టీవీలో ఆసుపత్రి పేరు చూసి మురిసిపోతాడు. పైగా ఆ ఉత్తరం తనకూ నచ్చలేదు. ఇరవై రెండేళ్ళలో ఈ గదికి జై కొట్టినవాడు లేడు. కానీ ఈ బల్ల దగ్గర మనిషిని వెనక్కి పంపడానికి ఒక కారణం ఉంటుంది, ఆ కారణం కాగితం మీద ఉంటుంది. దాన్ని ఇంకొకడు మార్చి ఊరంతా చాటుతుంటే కూర్చుని వింటే, రేపటి నుంచి తను ఎవరికి ఏం చెప్పినా ఎవరు నమ్మాలి?

లేచింది. మోకాలు బల్లకు కొట్టుకుంది. మైకు దగ్గరికి వెళ్ళి చేయి చాచింది. ధన్యవాదాలు చెప్పడానికనుకుని అతను సంతోషంగా మైకు అందించాడు.

ఆమెకు మైకులో మాట్లాడటం రాదు. నోటికి మరీ దగ్గరగా పెట్టుకోవడంతో ముందు కీచుమని మోగింది.

"మాస్టారుగారిని నేను ద్రోహి అని పంపలేదు. ఎనిమిది రోజులు తక్కువని పంపాను. ఆయన వచ్చే గురువారం వస్తారు. పేరు రాశాను. మాస్టారూ, చీటీ మర్చిపోయారు, తీసుకెళ్ళండి."

 మాస్టారు వెనక్కి తిరిగి అంత దూరమూ నడిచి వచ్చాడు. ఆమె తన చేత్తోనే తేదీ వేసి చీటీ ఇచ్చింది.

"ఆ రక్తం ఎవరికెక్కిస్తావ్?" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. "మీ తమ్ముడికెక్కిస్తావా?"

"ఎక్కిస్తా," అంది, మైకు ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి ఊరంతా వినపడింది. "వాడికి కావాల్సొస్తే సంచి మీద గ్రూపు చూస్తా, తేదీ చూస్తా, పరీక్షలు చూస్తా. సంచి మీద నంబరే ఉంటుంది. పేరుండదు. ఎవరిదో నాకే తెలియదు. ఆయన రాసింది నాకూ నచ్చలేదు, ఆ మాట ఆయనతోనే అన్నాను. నా ఫారంలో కామెర్లొచ్చాయా అని అడుగుతాను, జ్వరమొచ్చిందా అని అడుగుతాను. యుద్ధం గురించి ఏమనుకుంటున్నావని అడిగే గడి అందులో లేదు."

జై కొట్టినవాళ్ళే ఇప్పుడు బల్ల మీద పడ్డారు. ఆయన పేరున్న లిస్టులో మా పేరొద్దన్నారు. ఒక్కొక్కరే వేలు పెట్టి చూపించి కొట్టేయించారు. ఆమె వాదించలేదు. స్కేలు పెట్టి ఒక్కో పేరు మీద తిన్నగా గీత గీసింది. గురువారం పేజీలో ముప్పై పేర్లలో పదకొండు పోయాయి. మైకు షామియానా విప్పించుకుని, ఆమె వైపు చూడకుండా, వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయాడు. అదే పేజీలో ఉన్న తన పేరు కొట్టేయమని మాత్రం అడగలేదు. కోపంలో మర్చిపోయాడనుకుంది.

సాయంత్రం సూపరింటెండెంటు ఆమెను కూర్చోమనలేదు.

"ఆ ఒక్క పేరు తీసేయమ్మా. ఒక్క పేరు. నేనే అందరికీ సర్దిచెప్తాను."

"కారణం ఏమని రాయమంటారు సార్? రిజిస్టరులో కారణం రాయకుండా పేరు తీయకూడదని మీ సంతకంతోనే సర్క్యులరుంది."

"ఊరంతా ఒకదారి, నీదొక దారి అయితే ఎలాగ?"

"ఊరు నడిచే దారే సార్ నాదీ. నా తమ్ముడు సరిహద్దులో ఉన్నాడు."

ఆయన కాగితం మీద ముసాయిదా రాశాడు. తర్వాత మెమో టైపు చేయించాడు. అందరి దగ్గరా రక్తం తీసుకోకుండా లిస్టు పద్ధతి పెట్టడం ఆమె సొంత నిర్ణయమని అందులో ఉంది. ఏ రోజైనా సాయంత్రం అయిదింటి లెక్కలో నిల్వ వంద సంచులకు తగ్గితే ఆమెనే బాధ్యురాలిని చేసి సస్పెండు చేస్తారు. ఆమె రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టి, నకలు మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఇంటికెళ్ళేసరికి భర్త టీవీ కట్టేసి కూర్చున్నాడు. డిపోలో ఎవరో మాటన్నారు, ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది. "ఏం అవసరమొచ్చింది నీకు? నోరు మూసుకుంటే దేవతవయ్యేదానివి," అన్నాడు.

"రెండు రోజులు దేవతనయి మూడోరోజు నుంచి అందరూ అడిగినట్టల్లా వరాలివ్వాలి. నావల్ల కాదు."

"ఆ ముసలాయన కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

"ఆయన కోసం కాదండీ. గుండీ ఇలా ఇవ్వండి, కుడతాను." సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది: "డిపోలో మీరేమన్నారు?"

"ఏమంటాను? నా పెళ్ళాన్ని నేనంటాను, మీరెవర్రా అనడానికన్నాను," అని చొక్కా విప్పి ఆమె ఒళ్ళో పడేశాడు.

గురువారం రాత్రి సరిహద్దులో యుద్ధం మొదలైంది. శనివారం నుంచి గాయపడ్డవాళ్ళు రాసాగారు. సరిహద్దు ఆసుపత్రులు నిండిపోయి రైల్లో ఇటు పంపుతున్నారు. ఇరవై ఏళ్ళ పిల్లలు. వార్డు నుంచి చీటీ రావడం, ఆమె సంచి తీసి, గ్రూపు కలిపి చూసి పంపడం, మధ్యలో ఫ్రిజ్ తలుపు మీద రాసుకున్న అంకె చెరిపి కొత్తది వేయడం. నూట డెబ్భై. నూట నలభై. లిస్టులో ముప్పై మంది ఉన్న రోజున ఇరవై మంది వచ్చేవారు, తర్వాత పదిహేను. వచ్చిన ప్రతివాడికీ ఆమె తనే బిస్కెట్లు, పళ్ళరసం అందించి, తనే దణ్ణం పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"అక్కా, నేనే. రెండు నిమిషాలే ఇచ్చారు. బానే ఉన్నా."

ఆమె ఫ్రిజ్‌కు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. తిన్నావా అనడిగింది, నిద్రపోతున్నావా అనడిగింది. ఇంకేం అడగాలో తోచక మాస్టారి సంగతి చెప్పేసింది.

"అలా రాశాడా? తిరిగొచ్చాక ఆయనతో నాకుంది పోట్లాట," అన్నాడు తమ్ముడు. "అయినా రక్తం తీసుకోవడానికేం అక్కా, ఆయన నా చెవులు మెలిపెట్టి ఎంత రక్తం కళ్ళజూశాడు!" ఇద్దరూ నవ్వుతుండగానే లైను కట్ అయిపోయింది. ఆమె అలాగే కూర్చుని బిగ్గరగా ఏడ్చింది. తర్వాత లేచి మొహం కడుక్కుని బి-పాజిటివ్ సంచి ఒకటి ఆపరేషన్ థియేటరుకు పంపింది.

బుధవారం సాయంత్రం కాల్పులు ఆగాయని టీవీలో చెప్పారు. ఊరంతా వీధుల్లోకి వచ్చింది. అర్ధరాత్రి దాకా మైకు గొంతు ఆగలేదు. అందరితో పాటు ఆమె కూడా గుమ్మంలో నిలబడి సంతోషపడింది. ఆ వెంటనే లెక్క గుర్తొచ్చింది. గెలిచామని ఇళ్ళకెళ్ళి పడుకున్నవాళ్ళు రేపు ఎందుకొస్తారు? వార్డులో మాత్రం ఎనభై మంది కుర్రాళ్ళున్నారు, వాళ్ళ గాయాలకు కాల్పులు ఆగిన సంగతి తెలియదు.

రాత్రి ఆపరేషన్లకు పోగా, గురువారం పొద్దున ఫ్రిజ్ మీద అంకె ఎనభై ఎనిమిది. లిస్టులో మిగిలిన పేర్లు పంతొమ్మిది. ఫోన్ చేస్తే ఏడుగురు ఎత్తలేదు, ముగ్గురు "యుద్ధం అయిపోయిందిగా అక్కా" అన్నారు. ఆరు మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచింది. సంచులు, సూదులు, దూది వరుసగా పెట్టింది. తొమ్మిదిన్నరైనా వరండాలో పిట్ట లేదు. నర్సు ఆమె ముఖం వైపు చూడటం మానేసింది. ఆమె రిజిస్టరు తెరిచి, ఎత్తని ఏడుగురికీ మళ్ళీ మొదటి నుంచి ఫోన్లు చేసింది. అప్పుడూ ఎత్తకపోతే మధ్యాహ్నం భోజనం వేళ చీటీలు పట్టుకుని ఇళ్ళకే పోదామనుకుంది.

పది గంటలకు మాస్టారు వచ్చాడు. స్కూటరు సీటుకు గోనెపట్టా కట్టుకున్నాడు. చీటీ బల్ల మీద పెట్టి, "తొంభై," అన్నాడు.

"తొంభై," అంది ఆమె. బొట్టు నీలం నీళ్ళలో నిటారుగా మునిగింది. మంచం మీద పడుకోబెట్టి సూది గుచ్చి, సంచిని, రక్తం గడ్డకట్టకుండా ఊపే ఊయల మీద పెట్టింది. ఒకటి. వందకు ఇంకా పదకొండు కావాలి.

వరండా ముందు ఆటో ఆగిన చప్పుడయింది. తర్వాత ఇంకో ఆటో. మైకు లోపలికొచ్చాడు. వెనక ఎనిమిది మంది మగవాళ్ళు, నిద్రమొహాలతో, జుట్టులో ఇంకా రంగుకాగితాల ముక్కలతో. వాళ్ళ వెనక కూరగాయల మార్కెట్టు మనుషులు మరో అయిదుగురు.

మైకు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పూర్తిగా పోయింది.

"పొద్దున ఆరింటి నుంచి తిరుగుతున్నా," అన్నాడు బొంగురు గుసగుసతో. "పిలవడానికి గొంతు లేదు. తలుపులు బాదాను."

"నీకెందుకు నాయనా ఇంత శ్రమ? నా మీద కోపం కదా?"

"కోపం పోయిందని ఎవరన్నారు? పేర్లు చదివింది నేను. నా నోటితో చదివి ఊరితో చప్పట్లు కొట్టించాను. ఇప్పుడు రాకపోతే పోయేది నీ మాట కాదు, నాది." చుట్టూ చూశాడు. మొదటి మంచం మీద మాస్టారు కనిపించాడు.  "నేను ఆ చివరి మంచం మీద పడుకుంటా."

"చివరిదానికి ఊయల పనిచేయదు. రెండోదాని మీద పడుకో."

అతను మింగలేక కక్కలేక రెండో మంచం మీద పడుకున్నాడు. చొక్కా చేయి మడుస్తుంటే ఆమెకు చల్లటి చెమట తగిలింది. ముఖం పాలిపోయి ఉంది. ఊళ్ళో వందమందిని ఈ మంచాల మీదకు ఎక్కించిన మనిషి ఇంతవరకు ఒక్కసారీ సూది పొడిపించుకోలేదని ఆ చేయే చెప్పేసింది. ఆమె ఆ విషయం ఎవరికీ వినిపించనివ్వలేదు.

మాస్టారు పైకప్పు వైపు చూస్తూ అన్నాడు: "యుద్ధం ఆగింది కదా. ఇప్పుడైనా అడగొచ్చా నాయనా, కాపలా ఎందుకు తగ్గించారని?"

మైకు తల గిర్రున అటు తిరిగింది. "ఇప్పుడు కూడా వదలరా మీరు? ఇంతమంది చచ్చాక..."

"ఇంతమంది చచ్చారు కాబట్టే."

"మీలాంటి ప్రశ్నలు వింటే అవతలివాడు నవ్వుతాడు!"

"అవతలివాడు నవ్వుతాడని మనం మన తప్పు చూసుకోకూడదా? పరీక్షలో తప్పు రాసి, పక్కవాడు నవ్వుతాడని దిద్దుకోవడం మానేస్తావా?"

"ఇది పరీక్ష కాదు మాస్టారూ, దేశం!"

"నీ ఒక్కడిదా?"

మైకు గొంతులో ఉన్న ఆ కాస్త గాలీ ఖర్చు పెట్టి అరిచాడు. ఎడమ చేయి గాలిలో ఊపాడు. నాయకుల పేర్లు చెప్పాడు, చనిపోయినవాళ్ళ పేర్లు చెప్పాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టారు కూడా ఒక మోచేతి మీద లేవబోతే ఆమె భుజం పట్టి పడుకోబెట్టింది. ఇద్దరి మాటల్లోనూ ఆమెకు కొన్ని నచ్చాయి, కొన్ని నచ్చలేదు. మైకు అన్నవాటిలోనే ఎక్కువ నచ్చాయి. ఆ మాటా చెప్పేదే, చేతులు ఖాళీగా ఉంటే.

బల్ల మీది ఫోన్ మోగింది. నర్సు ఎత్తి, రిసీవరు మీద చేయి అడ్డం పెట్టి అంది: "సూపరింటెండెంటుగారు. ఇప్పటికి నిల్వ ఎంతని అడుగుతున్నారు."

"సాయంత్రం అయిదింటికి వచ్చి లెక్కపెట్టుకోమను," అంది ఫ్రిజ్జక్క. వరండాలో బెంచీ నిండిపోయి ఇద్దరు నిలబడి ఉన్నారు.

మైకు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "అక్కా, ఇంకెంతసేపు? గుచ్చేదేదో గుచ్చెయ్."

"గుచ్చి అయిదు నిమిషాలైంది. సగం నిండింది," అంది ఆమె. "ఆపావేం, మాట్లాడు. నువ్వు పిడికిలి బిగించినప్పుడల్లా బాగా పడుతోంది."